గడువు తీరిన పెట్టె: తెలుగునాట టీవీ మరమ్మతు వృత్తి చరిత్ర

టెలివిజన్ తయారీదారు కొనుగోలుదారుకు ఇచ్చే వారంటీ, అంటే నిర్ణీత గడువులోపు తయారీ లోపం బయటపడితే సొంత ఖర్చుతో సరిచేసి ఇస్తాననే హామీ, భారతదేశంలో చాలాకాలం పాటు సాధారణంగా ఒక సంవత్సరానికి మించి ఉండేది కాదు. పెట్టె మాత్రం ఇంటి ముందుగదిలో పదేళ్లో పదిహేనేళ్లో నిలిచేది. హామీ ముగిసిన నాటినుంచి ఆ పెట్టె పాత సామాను వ్యాపారి తూకానికి చేరేదాకా దాని బాగోగులు చూసినవాడు కంపెనీకి గాని, అమ్మిన దుకాణానికి గాని చెందినవాడు కాడు. వీధి మలుపులో చిన్న గది అద్దెకు తీసుకుని, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ ముందు పెట్టుకుని కూర్చున్న టీవీ మెకానిక్కే ఆ భారం మోశాడు. తెలుగు ప్రాంతాల్లో ఈ వృత్తి 1970ల చివర వేళ్లూని, 1980లలో చిన్న పట్టణాలకు సైతం వ్యాపించి, 2010 తరువాత బాగా కుదించుకుపోయింది. ఈ పెరుగుదలకూ తరుగుదలకూ కారణాన్ని మెకానిక్కుల నైపుణ్యంలో వెతికితే దొరకదు. పెట్టె ఖరీదులో పెద్ద వాటా ఏ విడిభాగంలో ఉంది, దాని సర్క్యూట్ పటం ఎవరి చేతిలో ఉంది అనే రెండు విషయాలే ఈ వృత్తి జాతకాన్ని నిర్ణయించాయి.

తెలుగు గ్రామాలకు టీవీ మొదట వచ్చినప్పుడు వారంటీ అనే ప్రశ్నే తలెత్తలేదు, ఎందుకంటే పెట్టెకు యజమాని ప్రభుత్వమే. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా భారత అంతరిక్ష పరిశోధన సంస్థ నడిపిన బోధన ప్రయోగం, ‘సైట్’ అనే పొట్టిపేరుతో ప్రసిద్ధమైనది, ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలను అందించింది. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి కాగా, తెలుగు కార్యక్రమాలు హైదరాబాదు కేంద్రంలో తయారయ్యేవి. ఉపగ్రహ సంకేతాన్ని నేరుగా అందుకునేందుకు, కోళ్ల ఫారాల్లో వాడే ఇనుప వలతో అల్లిన సుమారు మూడు మీటర్ల వెడల్పు డిష్‌ను ప్రతి గ్రామంలోనూ నిలిపారు. దానికి తోడైన టీవీ సెట్లను హైదరాబాదులోనే ఉన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే 1967లో అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో ఏర్పడిన ఈసీఐఎల్, తయారు చేసింది. ఒక సెట్టు మూగబోతే ఆ సాయంత్రం ఒక ఊరు మొత్తానికి ప్రసారం అందదు కనుక, మరమ్మతును ప్రయోగంలో భాగంగానే ముందుగా ఆలోచించి, గ్రామాల గుంపులకు దగ్గరలో నిర్వహణ ఉపకేంద్రాలను, సాంకేతిక సిబ్బందిని, విడిభాగాలను సిద్ధం చేసుకున్నారు. దేశంలో టీవీ సెట్టు బతికినంతకాలం దాన్ని బాగుచేసే పూచీ అమర్చినవారే తీసుకున్న సందర్భాలు ఆ తరువాత అరుదు. మార్కెట్‌లోకి వచ్చిన పెట్టెకు అటువంటి అదృష్టం పట్టలేదు.

సైట్ ముగిశాక ఆ ప్రాంతాలకు ప్రసారాలు ఆగిపోకుండా నెలకొల్పిన భూతల ట్రాన్స్‌మిటర్లలో హైదరాబాదుది ఒకటి. 1977 అక్టోబరు 23న అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి హైదరాబాదు దూరదర్శన్ కేంద్రాన్ని ప్రారంభించారు. అక్కడినుంచి టీవీ కుటుంబాలు సొంతంగా కొనుక్కునే వస్తువైంది. రేడియోకు ఏటా 15 రూపాయలు, టీవీకి 50 రూపాయలు చొప్పున తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము కట్టే పద్ధతి 1980ల మధ్యలో రద్దయ్యేదాకా కొనసాగింది. ఈ కొత్త పెట్టెను విప్పే చేతులు మాత్రం కొత్తవి కావు. నిజాం రాజ్యంలో 1930లలోనే మొదలైన దక్కన్ రేడియో, 1938లో మద్రాసు కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం తెచ్చిన శ్రోతల చుట్టూ రేడియో మరమ్మతు దుకాణాలు అప్పటికే స్థిరపడి ఉన్నాయి. వాల్వులు, అంటే గాలి తీసిన గాజు గొట్టాల్లో విద్యుత్తును నియంత్రించే పాత పరికరాలు, మార్చడంలోనూ ట్రాన్సిస్టర్ రేడియోలు సవరించడంలోనూ చేయి తిరిగినవారే టీవీ వైపు మళ్లారు. వారి వెనుక, పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో, అంటే ఐటీఐల్లో, ‘మెకానిక్ రేడియో అండ్ టెలివిజన్’ అనే కోర్సు చదివిన యువకులు వచ్చారు. ఆర్.ఆర్. గులాటి రాసిన టెలివిజన్ పాఠ్యగ్రంథాలు పాలిటెక్నిక్ విద్యార్థికీ, దుకాణంలో పని నేర్చుకునే కుర్రవాడికీ ఒకేలా అక్కరకు వచ్చాయి. సిద్ధాంతాన్నీ సర్వీసింగునూ వేరు చేయకుండా చెప్పడం వాటి విశేషం.

అప్పటి టీవీ పరిశ్రమ తీరు కూడా ఈ వృత్తికి కలిసివచ్చింది. ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ, మద్రాసు నుంచి వచ్చే డయనోరా, సాలిడేర్, ఉత్తరాది వెస్టన్, కేరళ ప్రభుత్వ రంగంలోని కెల్ట్రాన్ వంటి పేర్లు వేరువేరుగా ఉన్నా, నలుపు తెలుపు సెట్ల లోపలి అమరిక ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉండేది. పిలానీలోని కేంద్ర ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన టీవీ పరిజ్ఞానాన్ని పలు సంస్థలు తీసుకున్నాయి. చిన్న పరిశ్రమలు బజారులో దొరికే విడిభాగాలతోనే సెట్లు కూర్చేవి. కంపెనీ కొన్న చోటే మెకానిక్కూ విడిభాగం కొనగలిగాడన్నమాట. సర్క్యూట్ పటం, అంటే ఏ భాగం ఏ భాగానికి కలిసి ఉంది, ఏ బిందువు వద్ద ఎన్ని వోల్టులు ఉండాలి అని చూపే చిత్రం, చాలా సెట్లకు పుస్తకాల్లో అచ్చై దొరికేది. వారంటీ గడువు తీరడం వల్ల యజమాని పోగొట్టుకునేది ఉచిత సేవ మాత్రమే, మరమ్మతు అవకాశం కాదు. ఈ తేడా చిన్నది కాదని తరువాతి దశాబ్దాలు నిరూపించాయి.

పిక్చర్ ట్యూబ్, అంటే ముందువైపు తెరగా పనిచేసే గాజు గొట్టం, ఉన్న సెట్టులో మెకానిక్ పని లక్షణాల నుంచి మొదలయ్యేది. భారతీయ ప్రసార పద్ధతిలో ఒక చిత్రం 625 అడ్డగీతలుగా, సెకనుకు 25 చిత్రాలుగా వస్తుంది కనుక, ట్యూబు మెడలోని గన్ నుంచి వెలువడే ఎలక్ట్రాన్ పుంజం సెకనుకు 15,625 సార్లు తెరకు ఆ చివర నుంచి ఈ చివరకు తిరగాలి. ఈ అడ్డపు కదలికను నడిపే హారిజాంటల్ విభాగమే, లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా ట్యూబుకు కావలసిన అత్యధిక వోల్టేజీని కూడా పుట్టిస్తుంది. అది రంగుల సెట్టులో దాదాపు 25,000 వోల్టులు ఉంటుంది. మెకానిక్కుల నోట ఆ ట్రాన్స్‌ఫార్మర్ పేరు ‘ఈహెచ్‌టీ’. అందువల్ల మాట వినబడుతూ తెర చీకటిగా ఉంటే చూపు ముందు ఈహెచ్‌టీ వైపు వెళ్లేది. పెట్టె పూర్తిగా నిర్జీవమైతే ఫ్యూజు, పవర్ సప్లై, వాటి తరువాత బీయూ 208 వంటి హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ అనుమానితులు. తెర మధ్య అడ్డంగా ఒకే ఒక్క వెలుగు గీత మిగిలితే, పుంజాన్ని పైనుంచి కిందికి నడిపే వర్టికల్ విభాగం ఆగిందని అర్థం. బొమ్మ కిందికో పైకో దొర్లుతూ ఉంటే, ప్రసారంతో సెట్టు లయ కలిపే సింక్ విభాగమో, వెనకవైపున్న వర్టికల్ హోల్డ్ నాబో చూడాలి. తెరంతా చుక్కల వాన కురిస్తే ఛానల్‌ను ఎంచుకునే ట్యూనరునైనా, డాబా మీది ఏంటెన్నానైనా తప్పుపట్టాలి. యజమాని ఫోనులోనో గుమ్మం దగ్గరో చెప్పిన నాలుగు మాటలతో లోపాన్ని ఒక విభాగానికి కుదించగలగడం, విడిభాగాలు చేతిసంచిలో వేసుకుని ఇంటికే వెళ్లగలగడం ఈ లక్షణ జ్ఞానం వల్లనే సాధ్యమైంది.

తరచుగా కనిపించే లోపాలు చాలావరకు చౌక భాగాల్లోనే ఉండేవి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్, మెకానిక్ పరిభాషలో కండెన్సర్, లోపల ద్రవ పదార్థం ఉన్న భాగం. సెట్టు వేడికి అది ఏళ్ల తరబడి ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది. బరువైన, వేడెక్కే భాగాల కాళ్ల దగ్గర టంకం పగులుబారి కనెక్షన్ వచ్చిపోతూ ఉండటాన్ని ‘డ్రై సోల్డర్’ అనేవారు. టీవీ మీద చరిస్తే బొమ్మ తిరిగి రావడమనే, ప్రతి ఇంటికీ తెలిసిన వైద్యానికి భౌతిక కారణం ఇదే. ప్రమాదం మాత్రం చౌకది కాదు. పిక్చర్ ట్యూబు గాజుకు లోపలా వెలుపలా ఉండే గ్రాఫైట్ పూతలు కలిసి అదే ఒక పెద్ద కెపాసిటర్‌గా పనిచేసి, ప్లగ్గు పీకిన తరువాత కూడా వేల వోల్టుల ఆవేశాన్ని పట్టి ఉంచుతాయి. ట్యూబు పక్కనున్న రబ్బరు మూత కిందికి, ఎర్తుకు తీగ కట్టిన స్క్రూడ్రైవరును జొనిపి ఆ ఆవేశాన్ని ఖాళీ చేయడం శిష్యుడు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి.

సెట్టు వెలుపలి పరిస్థితులు తెలుగు పల్లెల్లో లోపాలను పెంచాయి. సాయంత్రం వేళ, వ్యవసాయ మోటార్లు నడుస్తున్న లైనులో, 230 వోల్టులు ఉండవలసిన సరఫరా బాగా పడిపోయి బొమ్మ కుంచించుకుపోయేది. కరెంటు పోయి తిరిగి వచ్చిన క్షణంలో ఒక్కసారిగా పెరిగే వోల్టేజీ పవర్ సప్లైని దెబ్బతీసేది. అందుకే టీవీ కొన్న ఇంటికి దాని పక్కనే ఒక స్టెబిలైజర్, అంటే హెచ్చుతగ్గుల వోల్టేజీని ఒక పరిధిలోకి తెచ్చే పెట్టె, తప్పనిసరి తోడుగా వచ్చింది. తరువాతి కాలంలో విస్తృత వోల్టేజీ పరిధిలో పనిచేసే స్విచ్‌మోడ్ పవర్ సప్లైలు టీవీలోనే అమరేదాకా స్టెబిలైజర్ల తయారీ, మరమ్మతు కూడా ఈ దుకాణాలకు ఆదాయమే. 1982లో రంగుల ప్రసారాలు మొదలై, 1984 ప్రాంతంలో తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు దేశమంతటా వరుసగా నెలకొనేవరకు, దూరపు స్టేషన్‌ను పట్టేందుకు ఎత్తైన ఇనుప గొట్టాలపై యాగి ఏంటెన్నాలు, సంకేతాన్ని పెంచే బూస్టర్లు బిగించవలసి వచ్చేది. గాలివానకు ఏంటెన్నా తిరిగిపోతే డాబా ఎక్కి దాన్ని సరిచేయడం కూడా మెకానిక్ పద్దులోనే పడింది. 1987 జనవరి నుంచి 1988 జూలై వరకు ఆదివారం ఉదయాల్లో రామాయణం ధారావాహిక ప్రసారమైన నెలల్లో, చెడిన సెట్టు శనివారం లోపు సిద్ధం కావాలనే ఒత్తిడి ఏ స్థాయిలో ఉండి ఉంటుందో ఊహించడానికి ఆధారాలు వెతకనక్కరలేదు.

ఈ మరమ్మతు ఆర్థిక వ్యవస్థకు ఇరుసు పిక్చర్ ట్యూబు. సెట్టు ఖరీదులో పెద్ద వాటా దానిదే అయినా, మిగిలిన భాగాలతో పోలిస్తే అది నెమ్మదిగా, ముందుగా తెలిసే తీరులో క్షీణించేది; ఎలక్ట్రాన్లను వెదజల్లే కాథోడ్ పూత అరిగేకొద్దీ బొమ్మ మసకబారి, స్విచ్ వేసిన చాలాసేపటికి గాని వెలుగు వచ్చేది కాదు. ఆ దశలో మెకానిక్ ముందు మూడు మార్గాలుండేవి. కాథోడ్‌ను వేడిచేసే ఫిలమెంటుకు కొద్దిసేపు ఎక్కువ వోల్టేజీ ఇచ్చి కాథోడ్ ఉపరితలాన్ని తిరిగి చురుకుగా మార్చడం మొదటిది; దీన్ని ట్యూబు ‘చార్జింగ్’ అనేవారు, ఫలితం కొన్ని నెలలే నిలవవచ్చు. ట్యూబు మెడ కోసి పాత గన్ తీసేసి, కొత్తది అతికించి, తిరిగి గాలి తోడివేయడం రెండవది. ‘రీగన్నింగ్’ అనే ఈ పని దుకాణంలో సాధ్యం కాదు, దానికి కొలిమి, వాక్యూమ్ పంపులు ఉన్న చిన్న కర్మాగారం కావాలి. కొత్త ట్యూబు కొనడం మూడవది. ఈ మూడింటి ఖర్చులూ మెట్లు మెట్లుగా ఉండటం వల్ల, జేబును బట్టి మరమ్మతును ఎంచుకునే స్వేచ్ఛ యజమానికి దక్కింది. తరువాతి కాలపు పలుచని టీవీల్లో కనుమరుగైనది ప్రధానంగా ఈ మధ్య మెట్లే.

విడిభాగాల బజార్లు ఈ వృత్తికి వెన్నెముకగా నిలిచాయి. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరుపొందింది. దక్షిణ కోస్తా, రాయలసీమ వ్యాపారులకు చెన్నైలోని రిచీ స్ట్రీట్ కూడా అందుబాటులో ఉండేది. ఈ బజార్లలో కొత్త భాగాలతో పాటు, చెడిన సెట్ల నుంచి ఊడదీసిన ట్యూనర్లు, ట్యూబు మెడకు తొడిగి పుంజాన్ని కదిలించే యోకులు, ఈహెచ్‌టీలు కూడా అమ్ముడయ్యేవి. యజమానికి ఈ లోకం కనబడదు. అతనికి కనబడేది మెకానిక్ చెప్పిన మొత్తమే. కొన్ని రూపాయల కండెన్సర్ మార్చి పెద్ద భాగం పేరు చెప్పాడేమో, మంచి భాగం తీసి పాతది వేశాడేమో అనే అనుమానం ఈ సంబంధంలో మొదటినుంచీ ఉంది, దానికి తగిన సందర్భాలూ లేకపోలేదు. అయితే మెకానిక్ అసలు అమ్మేది లోపం ఎక్కడుందో కనిపెట్టే జ్ఞానం కాగా, జ్ఞానానికి విడిగా వెల కట్టే అలవాటు సమాజానికి లేకపోవడంతో, ఆ వెలను విడిభాగం ధరలో కలిపి రాబట్టుకోవలసిన స్థితి అతనికి ఏర్పడిందని కూడా గుర్తించాలి.

చట్టం ఈ సంబంధాన్ని చాలా ముందే ఊహించింది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం, ఒకరి వస్తువును ఒక పని కోసం మరొకరికి అప్పగించి, పని కాగానే తిరిగి తీసుకునే ఏర్పాటును బెయిల్‌మెంట్ అని పేర్కొని, తీసుకున్నవాడు దాన్ని మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలని 151వ సెక్షన్‌లో విధించింది. అదే చట్టం 170వ సెక్షన్ ప్రకారం, వస్తువు మీద శ్రమ లేదా నైపుణ్యం వెచ్చించినవాడు, వేరే ఒప్పందం లేనప్పుడు, తన ప్రతిఫలం ముట్టేదాకా ఆ వస్తువును తన వద్దే ఉంచుకోవచ్చు. కూలి ఇవ్వని సెట్టును అటక మీద పెట్టి తాళం వేసిన మెకానిక్, తెలిసో తెలియకో, చట్టబద్ధంగానే నడుచుకున్నాడు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం అమ్మినవాడిపై పెట్టిన నాణ్యతా షరతులు, కంపెనీ వారంటీ కాగితంతో నిమిత్తం లేకుండా వర్తించేవే. కాని లోపం అమ్మకం నాటికే ఉందని చూపే భారం కొన్నవాడిపై పడుతుంది, ఏడాది దాటాక అది తేలిక కాదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం డబ్బు తీసుకుని చేసే మరమ్మతును కూడా సేవగా పరిగణించి, అందులోని లోపానికి జిల్లా ఫోరంలో ఫిర్యాదు చేసే వీలు కల్పించింది. రసీదు రాయని, అడగని వృత్తిలో ఆ వీలు ఎక్కువగా కాగితం మీదే మిగిలింది.

1990లలో రెండు మార్పులు వచ్చాయి. కేబుల్ ద్వారా ఉపగ్రహ ఛానళ్లు, 1995 నుంచి తెలుగులోనే జెమినీ, ఈటీవీ రావడంతో, కొద్ది ఛానళ్లకే అమర్చిన పాత ట్యూనర్లను మార్చే పని ముందు మెకానిక్కులకు లాభించింది. మరోవైపు పెద్ద కంపెనీలు అధీకృత సర్వీసు కేంద్రాలను విస్తరించి, వారంటీ తీరాక ఏటా కొంత సొమ్ము కట్టే నిర్వహణ ఒప్పందాలను ముందుకు తెచ్చాయి. 1990ల మధ్యలో అకాయ్ సంస్థ భారీగా ప్రచారం చేసిన ఎక్స్ఛేంజ్ పథకాలు పాత సెట్టును బాగుచేయించడం కన్నా ఇచ్చేయడం లాభమనే లెక్కను మధ్యతరగతికి నేర్పాయి. అలా వదిలిన సెట్లు మెకానిక్ చేతి మీదుగానే చిన్న ఊళ్లకు చేరాయి కనుక వృత్తి వెంటనే దెబ్బతినలేదు. ‘చైనా కిట్’ అని పిలిచే సార్వత్రిక బోర్డులు వచ్చాక, ఏ కంపెనీ పెట్టెలోనైనా పాత బోర్డు మొత్తం తీసేసి ట్యూబు, యోకు మాత్రం ఉంచి కొత్త బోర్డు బిగించే పద్ధతి పాకింది. ఇది సెట్ల ఆయుష్షును పెంచిన మాట నిజమే, కాని లోపాన్ని వెతికే విద్యను మొద్దుబార్చిన మాట కూడా అంతే నిజం.

ఎల్‌సీడీ, ఆపై ఎల్‌ఈడీ తెరలు మరమ్మతు ఖర్చుల అంకగణితాన్ని తలకిందులు చేశాయి. పలుచని టీవీలో ఖరీదు సగానికి పైగా ప్యానెల్‌లోనే, అంటే తెరలోనే, ఉంటుంది. పగిలిన ప్యానెల్‌కు చార్జింగ్ లేదు, రీగన్నింగ్ లేదు, కొత్తది వేయిస్తే సెట్టు ధరకు దగ్గరవుతుంది. బాగుచేయదగిన లోపాలు లేకపోలేదు. తెర వెనుక వెలుగునిచ్చే బ్యాక్‌లైట్ పట్టీల్లో దీపాలు వరుసగా ఒకే తీగపై ఉంటాయి కనుక ఒక్క దీపం పోతే వరుసంతా ఆరి, మాట వస్తూ తెర చీకటవుతుంది; టార్చి వెలుగు దగ్గరగా వేస్తే బొమ్మ లీలగా కనబడటం దాని గుర్తు. అయితే ఆ పట్టీలు మార్చాలంటే ప్యానెల్‌ను పగలకుండా విప్పాలి, ఆ పగులు ఎవరి ఖాతాలో పడాలనేది పని మొదలు కాకముందే తేల్చుకోవాలి. స్మార్ట్ టీవీలో మెమరీ చిప్‌లోని సాఫ్ట్‌వేర్ చెడితే, సరిపోయే ఫైలు దొరకడం మీదే అంతా ఆధారపడుతుంది. సర్క్యూట్ పటాలు కంపెనీ సర్వీసు కేంద్రాలు దాటి అధికారికంగా బయటికి రాకపోవడంతో, గడువు తీరిన సెట్టు యజమానికి ఉచిత సేవతో పాటు మరమ్మతు అవకాశం కూడా సన్నగిల్లింది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో, కొన్నవాడికి తన వస్తువును తనకు నచ్చిన చోట బాగుచేయించుకునే వీలుండాలనే ‘మరమ్మతు హక్కు’ భావనపై నిధి ఖరే అధ్యక్షతన ఒక కమిటీని నియమించి, అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, ఒక పోర్టల్‌ను ప్రారంభించింది; వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, వాహనాలతో పాటు టీవీల వంటి గృహోపకరణాలను కూడా దాని పరిధిలో చేర్చారు. వారంటీ వివరాలు, సర్వీసు కేంద్రాల చిరునామాలు, మరమ్మతు సమాచారం ఒకచోట ఉంచడం దాని ఉద్దేశం. విడిభాగాలను, పటాలను బయటి మెకానిక్‌కు ఇచ్చి తీరాలని కంపెనీలను నిర్బంధించే ప్రత్యేక చట్టం దాని వెంట రాలేదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు, 2012 మేలో మొదట అమల్లోకి వచ్చి 2023 ఏప్రిల్ నుంచి కొత్త రూపంలో సాగుతున్నవి, పాత సెట్ల బాధ్యతను ఉత్పత్తిదారుపై ఉంచాయి. సీసం కలిసిన గాజు వల్ల కొనేవారు లేని పిక్చర్ ట్యూబులు ఇప్పటికీ రాగి యోకు తీసేశాక చెత్తకుప్పల్లోనే ఎక్కువగా తేలుతున్నాయి. మిగిలిన టీవీ దుకాణాలు సెట్‌టాప్ బాక్సులు, ఎల్‌ఈడీ బల్బుల డ్రైవర్లు, ఇన్వర్టర్ల పనితో కలిపి నడుస్తున్నాయి. ప్యానెల్ పగిలిన సెట్టును మెకానిక్ తక్కువ ధరకు కొని, దాని మెయిన్ బోర్డునూ పవర్ బోర్డునూ మోడల్ నంబరు రాసి అరలో పెట్టుకుంటాడు, అదే మోడల్‌లో బోర్డు కాలిన సెట్టు వచ్చినప్పుడు వాటిని వాడతాడు.